ధర్మార్థము పరుగు



నేను 36 సంవత్సరములు బడిపిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. నా వయస్సు 67. నాకు వచ్చినది కొంత వ్యాకరణము, కొంత కావ్యము. బడిలో ఆటల గంట మ్రోగినపుడు వేపచెట్టు నీడను కుర్చీ వేయించుకొని కూర్చుండినవాడనే కాని, ఏనాడును పిల్లలతో కూడ పది యడుగులు పరుగెత్తినవాడను కాను. అట్టి నేను గడచిన మాఘమాసమున ఒక ఆదివారము వేకువను, విజయవాడలో కాన్సరు పరిశోధన నిధికై జరిగిన 5 కిలోమీటర్ల పరుగులో పాల్గొంటిని. సగము పరుగెత్తితిని, సగము నడచితిని. నా మనస్సును అందులకెట్లు ఒప్పించితినో, అట్టి పరుగువలన లోకమునకేమి ప్రయోజనమో, ఈ రెండు సంగతులను మీకు విన్నవింపవలెనని నా తలంపు.

ముందుగా రోగమును గూర్చి రెండు మాటలు. దీనిని మన పెద్దలు రాచపుండనియు, పుట్టకురుపనియు చెప్పుచుండిరి. సుశ్రుతాది వైద్యగ్రంథములలో అర్బుదమను పేరు కానవచ్చును. కాన్సరు అను మాటకు లాటిను భాషలో ఎండ్రకాయ అని అర్థము. మన కర్కట శబ్దమునకు అది దూరపు చుట్టము. మన శరీరము లెక్కకందని సూక్ష్మకణములతో కట్టబడినది. పుట్టుట, పెరుగుట, తన పని ముగిసినంతనే నశించుట అను కట్టడి ప్రతి కణమునకును గలదు. కాలువ క్రింది రైతులలో నొకడు వంతు తప్పి, తూము పగులగొట్టి, రాత్రికి రాత్రి నీరంతయు తన చేనికే మళ్లించుకొన్నచో దిగువ రైతుల గతి యేమగునో మీకు నేను చెప్పనక్కరలేదు. ఒక కణము ఆ విధముగా కట్టడి మీరి, తానే పెరిగి, తనవంటివానినే పెంచి, తక్కిన శరీరమునకు అన్నము లేకుండ చేయుటయే ఈ రోగము. 2022లో మన దేశమున ఈ రోగము క్రొత్తగా పొడసూపినవారు సుమారు 14 లక్షల 60 వేల మంది యని భారత వైద్య పరిశోధన మండలివారి అంచనా. ఇది పట్టణవాసుల రోగమనియు, మన పల్లెలకు రాదనియు ఇంకను నమ్మువారున్నచో ఆ నమ్మకమును నేడే విడువవలయును.

నా వద్ద చదువుకొన్న శిష్యుడొకడు పౌషమాసమున మా యింటికి వచ్చెను. మా గ్రామము ఉయ్యూరు ప్రాంతమున బందరు కాలువ దాపున నున్నది. అతడు అరుగుమీద కూర్చుండి, "మాస్టారూ, వచ్చే నెల బెజవాడలో పరుగుందండి. కాన్సరు పరిశోధనకు చందాలు పోగుచేస్తున్నాం. తమరు ముందు నిలబడితే మన ఊరివాళ్లు పదిమంది కదులుతారండి" అనెను.

నాకు నవ్వు వచ్చినది. "పరుగెత్తితే రోగం కుదురుతుందటయ్యా? ఇవ్వదలచినవాడు ఇంట్లో కూర్చునే ఇవ్వవచ్చు గదా" అంటిని.

"కుదరదండి. కాని మాస్టారూ, ఇంట్లో కూర్చుని ఇచ్చినవాళ్లు మన ఊళ్లో ఇప్పటికి ఎందరున్నారండీ?" అని అతడు వినయముగనే అడిగెను.

నేను మాటాడలేదు. ఆలోచించి చెప్పుదునని పంపివేసితిని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణము చెప్పెదను. ఇది చెప్పుకొనుటకు సులభమైన విషయము కాదు. అయినను చెప్పనిచో ఈ ప్రసంగమునకు అర్థము లేదు.

నాకొక చెల్లెలుండెడిది. 2008లో ఆమె మా యింటికి వచ్చినపుడు, రొమ్మున గట్టిగా నేదియో తగులుచున్నదనియు, నొప్పి మాత్రము లేదనియు తన వదినెతో చెప్పినది. నా భార్య నాకు చెప్పినది. మూడు నెలలలో మా యమ్మాయి పెండ్లి. "నొప్పి లేదు గదా, పెండ్లి కానిచ్చి బెజవాడ తీసుకొని పోదాము" అని నేనంటిని. ఆ పెండ్లిలో మంగళహారతి పట్టినది ఆమెయే. పెండ్లి పనులు తీరి మేము వైద్యుని కడకు పోవునప్పటికి అయిదు నెలలు గడచినవి. అప్పటికే గడ్డ చంకలోనికి ప్రాకినది. మొదట నొప్పి లేకుండుటయే ఆ రోగము చేయు మోసమని ఆ వైద్యుడు చెప్పగా వింటిని. 2010లో ఆమె పోయినది. అప్పటి కామెకు 46 సంవత్సరములు. వ్యాకరణములో హల్లు మీది పొల్లు తప్పిన పిల్లవానిని నిలబెట్టిన నేను, నా తోబుట్టువు విషయమున చేసిన తప్పును పదునాలుగేండ్లు ఎవ్వరితోను చెప్పలేదు.

శిష్యుడు వెడలిన రాత్రి నేను తలపోసినది ఇది. దుఃఖమును మనము ఏమి చేయుచున్నాము? తద్దినము పెట్టి, కన్నీరు పెట్టి, మరల పెట్టెలో మడిచి పెట్టుచున్నాము. దానిని పనిలోనికి దింపినవారు లేరా? ఉన్నారు, మన డెల్టాలోనే పుట్టినవాడొకడున్నాడు.

ఆయన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున జన్మించిరి. చిన్నతనముననే దారిద్ర్యమును, ఆత్మీయుల మరణమును చూచిరి. స్ప్రూ అను సంగ్రహణి రోగము ఆయన సోదరుని బలిగొనినది. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు ఖద్దరు ధరించిన కారణమున దొరల ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టము నందుకొనలేకపోయిరి. అమెరికా పోవుటకు చేత ధనము లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థ సాయపడుదునని మాట యిచ్చినది. మామగారు కొంత ధనము సమకూర్చిరి. 1922లో ఆయన బోస్టను నగరము చేరిరి. శ్రోతలు ఈ ఘట్టమును గమనింపవలయును. సత్యలింగనాయకరు రంగూనులో సంపాదించిన సొత్తును ధర్మమునకు వ్రాసిపోయిన పుణ్యాత్ముడు. ఆ ధర్మము ఎచ్చట ఫలించునో ఆయన యెరుగడు. అది ఎచ్చట ఫలించినదో నేను చెప్పెదను.

సుబ్బారావుగారు ఆధిపత్యము వహించిన లెడర్లే పరిశోధనశాలలో 1945లో ఫోలిక్ ఆమ్లమను పదార్థమును కృత్రిమముగా తయారుచేసిరి. అది రక్తము పుట్టుటకు అవసరమైన విటమిను. తన సోదరుని మ్రింగిన స్ప్రూ రోగమునకు మందు. పిదప ఆయన బృందము దానిని పోలియుండి దాని పని చేయని పదార్థములను సృష్టించినది. తాళములో దూరును గాని తిరుగని దొంగతాళపుచెవి యెట్టిదో అట్టివి ఇవి. అదుపు తప్పి పెరుగు కణము దీనిని నిజమైన ఫోలిక్ ఆమ్లమని భ్రమించి గ్రహించును. గ్రహించి పెరుగలేక నిలిచిపోవును. అందొకటియగు అమినోప్టెరిన్ అను మందును బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు కాన్సరుతో చావునకు సిద్ధముగా నున్న 16 మంది పిల్లలకు ఇచ్చెను. 10 మందికి రోగము తాత్కాలికముగా తగ్గెను. అంతకు ముందు ఏ మందును ఆ రోగమును అంతమాత్రము కూడ నిలుపలేదు. ఆ వార్త 1948 జూనులో ప్రచురింపబడెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసిరి. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేట్ అను మందు నేటికిని పిల్లల రక్తపు కాన్సరునకు, ఒక విధమైన ఎముక కాన్సరునకు, కీళ్లవాతమునకు కూడ వాడబడుచున్నది. నాడు మరణమే గతియైన ఆ బాలరోగమున, సకాలమున మంచి చికిత్స అందిన చోట్ల, నేడు పదుగురు పిల్లలలో ఎనమండ్రకు పైగా బ్రదుకుచున్నారు.

ఆ 1948లోనే మరియొక వింత జరిగెను. అది రేడియోకు సంబంధించినది గనుక ఇచ్చట చెప్పదగినది. మే 22వ తేదీ రాత్రి అమెరికాలో ఒక రేడియో కార్యక్రమమువారు ఫార్బరు వద్ద చికిత్స పొందుచున్న పండ్రెండేండ్ల బాలునితో మంచముకడనే మాటలాడించిరి. వాని నిజమైన పేరు దాచి జిమ్మీ అని పిలిచిరి. వానికి ఇష్టులైన బంతియాటగాండ్రు ఆ గదిలోనికే వచ్చి పలుకరించిరి. వినినవారి మనస్సులు కరగెను. పిల్లలు డబ్బాలలో చిల్లర తెచ్చి యిచ్చిరి. 2 లక్షల 31 వేల డాలర్లకు పైగా పోగయ్యెను. ఆ నిధి నేటికిని బోస్టనులో కాన్సరు పరిశోధనకు ఆధారమై యున్నది. దానికొరకు ఏటేట వేలకొలది జనము నడచుచున్నారు. ఆ బాలుడును బ్రదికి పెద్దవాడై 2001 వరకు జీవించెను. మన విజయవాడ ఆకాశవాణి కేంద్రము పుట్టినది కూడ ఆ 1948 డిసెంబరు 1వ తేదీననే. రేడియో పెట్టెలోనుండి వచ్చిన మాట ఊరక గాలిలో కలియదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి వలయును?

ఇక, చికిత్సకు ధనమిచ్చుట వేరు, పరిశోధనకు ధనమిచ్చుట వేరు. రెండును పుణ్యకార్యములే. భేదము మన నేల కథవలననే తెలియును. 1832-33లో వచ్చిన నందన కరవున గుంటూరు సీమలో జనము మలమల మాడి చనిపోయిరి. అట్టివేళ గంజి పోసినవాడు ఆనాటి ప్రాణమును నిలిపినవాడు. కాని 1852 మొదలు 1855 వరకు బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట కట్టిన పిదప, ఆ నీరు పారిన మేర కరవు భయమే తగ్గిపోయినది. గంజి వంటిది చికిత్స. ఆనకట్ట వంటిది పరిశోధన. గంజి మానరాదు. ఆనకట్ట మరువరాదు.

పరిశోధన యనగా గాజు గొట్టములతో దొరలు చేయు పని మాత్రమే యని తలంపకుడు. ఉత్తర కోస్తా పల్లెలలో స్త్రీలు చుట్టను ముట్టించిన కొసను నోటిలోపల నుంచుకొని త్రాగుదురు. దానిని అడ్డపొగ యందురు. ఆ పొగవలన అంగిటికి కాన్సరు వచ్చుచున్నదని 1957లో మన తెలుగు వైద్యులే వ్రాసిరి. తరువాత పరిశోధకులు శ్రీకాకుళము జిల్లా పల్లెలలో ఇల్లిల్లు తిరిగి 10,169 మంది నోళ్లు తెరిపించి చూచి, ఆ ఫలితములను 1971లో ప్రకటించిరి. పిమ్మట ఆ జిల్లాలోను, కేరళ, గుజరాతు దేశములలోను 36 వేల మంది పొగాకు వాడువారికి హితవు చెప్పి, దానివలన అలవాటును, నోటిలోని రోగచిహ్నములను తగ్గించవచ్చునని 1986లో నిరూపించిరి. ఇండ్లు తిరుగుట, చూచుట, వ్రాయుట, మరల పోయి చూచుట: ఇదియే పరిశోధన. దానికి బండి కావలయును, మనిషి కావలయును, ధనము కావలయును.

సరి, ధనమునకును పరుగునకును ముడి వేసినవాడెవడు? ఆ పని చేసినవారిలో అగ్రగణ్యుడు కెనడా దేశపు టెర్రీ ఫాక్సు. 1977లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఎముక కాన్సరు కారణముగా వాని కుడికాలు మోకాలి పైకి తీసివేసిరి. ఆసుపత్రిలో తనతో నున్న చిన్నపిల్లల బాధ చూచి, ఈ రోగమునకు మందు కనుగొనుటకై తాను దేశమంతయు పరుగెత్తి ధనము కూర్చవలెనని సంకల్పించెను. 1980 ఏప్రిలు 12వ తేదీన తూర్పు సముద్రతీరమున, కట్టుకాలితో, బయలుదేరెను. దినమునకు ఇంచుమించు 42 కిలోమీటర్లు. మొదట పట్టించుకొన్నవారు లేరు. పిదప 10 వేల జనమున్న ఒక రేవుపట్టణము 10 వేల డాలర్లు ఇచ్చినది. అప్పుడు వానికి తోచినది: మనిషికొక డాలరు చొప్పున దేశమంతయు ఇచ్చినచో 2 కోట్ల 40 లక్షలగును గదా! 143 దినములలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తెను. సెప్టెంబరు 1వ తేదీన రోగము ఊపిరితిత్తులకు ప్రాకినందున ఆగిపోవలసి వచ్చెను. 1981 ఫిబ్రవరి నాటికి వాడు కోరిన ధనము పోగయ్యెను. ఆ జూను 28న వాడు మరణించెను. వాని పేర జరుగు పరుగులవలన ఇంతవరకు 80 కోట్ల డాలర్లకు పైగా పరిశోధనకు చేరినది.

ఇంత దూరమును తలచిన మతి పోవును. వాడెట్లు సాగించెను? దేశమంతటిని ఒక్కమారు తలచుకొనక, ఎదుట కనబడు మలుపు వరకు, ఆ తరువాతి గుర్తు వరకు అని ముక్కలు చేసికొనెను. దీనిని చదివిన మరునాడు నేను శిష్యునికి వత్తునని కబురు పంపితిని.

ముందు వైద్యుని వద్దకు పోయి గుండెను, రక్తపు పోటును చూపించుకొంటిని. ఏబది దాటినవారు ఇది చేయకుండ పరుగెత్తరాదు. మనుమడు గుడ్డ బూట్లు కొని తెచ్చెను. పంచె ఎగగట్టి, బూట్లు తొడిగి, తెల్లవారుజామున కాలువగట్టు మీదికి పోతిని. మొదటి దినము అయిదు కరెంటు స్తంభములు దాటునప్పటికి ఆయాసము వచ్చినది. పొలమునకు పోవు రైతొకడు, "పంతులుగారూ, తెల్లారగట్ట ఎవరు తరుముతున్నారండీ?" అని అడిగెను. సిగ్గుపడితిని. నడక కలిపి మెల్లమెల్లగా పెంచితిని. తొమ్మిదవ దినమున మోకాలు పట్టినది. పదవ దినమున మంచు ఎక్కువయని మానితిని. పదునొకండవ దినమున తిథి బాగులేదని మానితిని. పరుగునకు తిథి చూచువాడు పరుగెత్తదలచినవాడు కాడని నా భార్య అన్నది.

ఆ మాట తగిలినది. ఉత్సాహము ముందు వచ్చి పని పిదప వచ్చునని నేను అంతవరకు అనుకొంటిని. నేను నేర్చినది వేరు. పని మొదలుపెట్టిన పిదపనే ఉత్సాహము వచ్చును. బావిలో మోట నాలుగు మారులు దిగిన పిమ్మటనే బోదె తడియును గదా. ఆ సాయంకాలము మన ఆచారమునకు తగిన ఉపాయమొకటి తోచినది. పసుపు గుడ్డలో ముడుపు కట్టితిని. దేవుడికి మ్రొక్కిన ముడుపును మధ్యలో విప్పరాదు, చెల్లించక మానరాదు. దాటిన ప్రతి స్తంభమునకు ఒక రూపాయి అందు వేయుదునని నియమము చేసికొంటిని. మా చెల్లెలి పేర మొదటి రూపాయి వేసితిని. ఆనాటినుండి స్తంభము స్తంభమును లెక్కింపసాగితిని. ఐదు కిలోమీటర్లను తలచుట మానితిని.

ఈ సంగతి టీ దుకాణమున తెలిసినది. నన్ను పరిహసించిన రైతే ముందు వచ్చి, "మా అమ్మ పేర పది స్తంభాలు రాయండి" అని పది రూపాయలు ఇచ్చెను. వాని తల్లి ఏ రోగమున పోయినదో ఇరువదేండ్లుగా పొరుగున నున్న నాకు ఆనాడు తెలిసినది. ఆ తరువాత ఒక్కొక్కరు వచ్చిరి. ప్రతి రూపాయికి వెనుక ఒక పేరున్నది. సంక్రాంతికి బండలాగుడు పందెములు చూచుటకు ఊరంతయు కదలిన మాకు, ఇంతమంది ఒకే దుఃఖమును వేరువేరు గదులలో దాచుకొన్నారని తెలియనే లేదు. ఇంట కూర్చుండి యీయరాదా యని శిష్యుని అడిగిన నా ప్రశ్నకు ఇది సమాధానము. ఈయవచ్చును. కాని పరుగు దండోరా వంటిది. దండోరా పంట పండింపదు. ఊరిని పొలిమేరకు పిలుచును.

ధనము విషయమున ఒక హెచ్చరిక. పరుగు పెట్టువారు ఎవరు, సొమ్ము ఏ సంస్థకు చేరును, పరిశోధనకా చికిత్సకా, రసీదు గలదా, లెక్క ప్రకటింతురా అని అడుగవలయును. ధర్మము చేయువాడు లెక్క అడుగుట పాపము కాదు, అడుగకుండుట అశ్రద్ధ. నేను అడిగితిని. చెప్పిరి. మా ముడుపు విప్పగా 11,416 రూపాయలు తేలినవి. రసీదును రామాలయపు గోడకు అంటించితిమి.

ఆ ఆదివారము ఇంకను చీకటి యుండగనే విజయవాడ చేరితిమి. మా యూరివారు పదునలుగురము. ఇంద్రకీలాద్రి మీది దీపములు కనబడుచుండెను. కృష్ణమీదినుండి చల్లని గాలి వీచెను. యువకులు లేళ్లవలె ముందుకు పోయిరి. నాలుగవ కిలోమీటరున నా కాళ్లు బరువెక్కినవి. మానుదునా యని మనస్సు అడిగినది. ఎదుట దీపస్తంభము చూచితిని. అంతవరకు పోతిని. మరియొకటి చూచితిని. చిట్టచివర చేరినవారిలో నేనొకడను. ఎవ్వరును నవ్వలేదు.

తరువాత జరిగినది చెప్పి ముగింతును. మేము తిరిగి వచ్చిన వారము దినములలో, దీపాలవేళ, ఇద్దరు స్త్రీలు వేరువేరుగా మా పెరటిగుమ్మమునకు వచ్చి నా భార్యతో రహస్యముగా మాటలాడిరి. వారి మాట వినినంతనే, పంచాంగము చూడక, పెండ్లి యున్నదా పంట యున్నదా యని విచారింపక, మరునాడే ఆసుపత్రికి పంపితిమి. ఒకామెకు అది కాన్సరు కాదని తేలినది. గడ్డలన్నియు కాన్సరు గడ్డలు కావు. రెండవయామెకు చికిత్స జరుగుచున్నది. ఇంకను చిన్నదిగా నున్నపుడే కనుగొంటిమని వైద్యులు చెప్పిరి.

గ్రామపెద్దలారా, మీలో అందరును పరుగెత్తవలెనని నేను కోరను. నడువగలవారు నడువుడు, నడువలేనివారు ఒక స్తంభమును ఎవరి పేరనైనను వ్రాయింపుడు. కాని మీ యింటి ఆడుబిడ్డ గడపలో నిలబడి, నొప్పి లేదు గాని గట్టిగా నేదియో తగులుచున్నదని చెప్పినచో, ఆ దినమే బండి కట్టుడు. నా చెల్లెలికి నేను కట్టని బండి అది.